దిబ్బలో దొరికిన చూలాలు



మన పాకాల చుట్టుపక్కల చేన్లలో రెండు తలల పామును చూడని వాళ్ళు తక్కువ. ఎర్రమన్ను రంగులో వుంటుంది. లావుగా, నున్నగా వుంటుంది. తల యేదో, తోక యేదో తెలీదు. మెల్లగా పాకుతుంది. మన్నులోకి దూరుతుంది. దీన్నే పూడు పాము అని కూడా అంటారు. మనకు అరవం దగ్గర కదా, ఇరుతలై పాంబు అనే వాళ్ళూ వున్నారు.

పోయినేడు ఎండాకాలం చివర మా క్లాసుకు వచ్చే ఒక అక్క చేనికి ఎరువు తోలిస్తా వుంది. పేడదిబ్బ తవ్వుతుంటే పారకు అడ్డంగా ఈ పాము కనిపించింది. మూడడుగుల పొడుగు. మధ్యలో బాగా ఉబ్బి వుంది.

"ఎలుకను మింగింది" అన్నాడు ఆమె కొడుకు.

"కాదురా, కడుపుతో వుంది" అన్నింది పక్కింటి అవ్వ.

అవ్వ చెప్పిందే నిజం. ఎలుకను మింగితే ఒక చోట గడ్డలాగా వుంటుంది. చూలు అయితే వెనక సగమంతా నిండుగా వుంటుంది.

అక్క దాన్ని ప్లాస్టిక్ బిందెలోకి తోసి, పైన గుడ్డ కట్టింది. గిన్నెలో పాలు పోసి పెట్టింది. ఆ సాయంత్రానికే మోటారు సైకిల్ మీద ఒకాయన దిగినాడు. ఎవరు చెప్పినారో, ఎట్ల తెలిసిందో!

ఆయన పామును తూకం వేయించినాడు. ముప్పావు కిలో వచ్చింది.

"రెండున్నర కిలోలు వుంటే కోట్లు పలుకుతుందమ్మా. ఇది చిన్నది. అయినా పిల్లల్ని పెడుతుంది కదా! కోళ్ళను పెంచినట్టు పెంచండి. ఒక్కో పిల్లకు లక్ష ఇస్తా" అన్నాడు.

ఆ రాత్రి అక్క క్లాసుకు వచ్చింది. పలక మీద 8 వేసింది. పక్కన 1,00,000 వేసింది. గుణించింది. 8,00,000 వచ్చింది. దాని కింద తన గ్రూపు అప్పు 40,000 రాసి, తీసివేత చేసింది. లెక్క ఒక్క సున్నా కూడా తప్పలేదు.

"సరిగ్గా వచ్చిందా, టీచరమ్మా?" అని అడిగింది.

లెక్క సరిగ్గానే వచ్చింది. తప్పు వున్నది ఆయన చెప్పిన మాటలో. నేను ఏమని చెప్పేది? అప్పు వుండేది ఆమెకు, నాకు కాదు. "అక్కా, తొందర పడొద్దు. ముందు ఈ పాము సంగతి తెలుసుకుందాం" అన్నాను. ఆ రోజు మామూలు పాఠం పక్కన పెట్టి ఇదే మాట్లాడుకున్నాము.

దీనికి రెండు తలలు లేవు. ఒక్కటే తల. తోక మొద్దుగా, తలలాగే వుంటుంది. భయం వేస్తే ఇది చుట్ట చుట్టుకుని తలను లోపల దాచుకుంటుంది. తోకను బయట పెడుతుంది. కొట్టే వాడు తోకను కొడతాడు, తల బతికిపోతుంది. దాని తెలివి అది! పాములోళ్ళు కొందరు తోక మీద గాటు పెట్టి, నోరు, కళ్ళు వున్నట్టు చూపిస్తారు. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు ఇంకో తల అనేది వట్టి మాట.

"అది నాకితే కుష్టు వస్తుందంట కదా?" అని అడిగింది ఒక చెల్లి. రాదు. కుష్టు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తారు, నయమవుతుంది. పాముకూ కుష్టుకూ సంబంధం లేదు. ఈ పాముకు విషం కూడా లేదు. ఎలుకను చుట్టుకుని, ఊపిరి ఆడకుండా చేసి మింగుతుంది.

ఇక కాన్పు సంగతి. నాగుపాము గుడ్లు పెడుతుంది. ఇది మాత్రం పిల్లల్నే కంటుంది. అయితే మనలాగా కాదు. మన కడుపులో బిడ్డకు మాయ వుంటుంది, తల్లి రక్తం నుంచే బిడ్డకు బలం అందుతుంది. ఈ పాము కడుపులో పెంకు లేని గుడ్లు వుంటాయి. పిల్ల ఆ గుడ్డులోని పచ్చసొన తిని పెరుగుతుంది. సుమారు నాలుగు నెలలు మోస్తుంది. కనేటప్పుడు ఒక్కొక్క పిల్ల పల్చని పొర సంచిలో బయటికి వస్తుంది. పొరను చీల్చుకుని పాకిపోతుంది. పాలు లేవు, ఉయ్యాల లేదు. పుట్టిన దినం నుంచే దాని బతుకు దానిది. సాధారణంగా ఆరు, ఎనిమిది పిల్లలు పుడతాయి. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

చూలు పాముకు అన్నిటికన్నా ముఖ్యం వెచ్చదనం. పాము ఒంట్లో మనకున్నట్టు సొంత వేడి వుండదు. అందుకే చూలు పాము వెచ్చగా వుండే చోటు వెతుక్కుంటుంది. చలేస్తే వెచ్చని చోటికి, ఎండ ఎక్కువైతే చల్లని మన్నులోకి జరుగుతుంది. మన దిబ్బ దానికి మంచి పురిటి గది. తిండి కూడా తగ్గించేస్తుంది, మానేస్తుంది కూడా. వేవిళ్ళు అనుకోండి! అప్పుడు బలవంతంగా తినిపించకూడదు. పొట్ట నొక్కకూడదు. ఊరికే ఎత్తి దించకూడదు. పాలు పోయకూడదు. పాములు పాలు తాగే జాతి కాదు, దానికి నీళ్ళు చాలు. బిందెలో పెట్టి ఎండలో వుంచితే జరగడానికి చోటు లేక, తల్లీ పిల్లలూ అందరూ పోతారు.

ఇది విని అక్క లేచి ఇంటికి పోయింది. బిందెను వంటింటి పక్క నీడలోకి జరిపి, పాలగిన్నె తీసేసి మళ్ళీ వచ్చింది.

"అయితే పెంచుకోవచ్చు కదా, ఇంత తెలిసినాక?" అన్నింది.

అమెరికా లాంటి దేశాల్లో బోవా అనే పాముల్ని అద్దాల పెట్టెల్లో పెంచే వాళ్ళు వున్నారు. ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా వుండేట్టు పెట్టెను అమర్చి, ఈతలు కూడా వేయిస్తారు. మన రెండు తలల పాము ఆ బోవాలకు చుట్టమే. మన దేశంలో అట్లాంటి విదేశీ పామును పెంచాలంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

మన చేను పాము సంగతి వేరు. దీన్ని పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో వుంది. పులి, ఏనుగు వుండే మొదటి పట్టికలోకి ఈ పామును చేర్చినారు. నేరం రుజువైతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. జుల్మానా 25,000 రూపాయలకు తక్కువ కాదు.

పలక మీద ఈ అంకె కూడా రాయమన్నాను. అక్క రాసింది. చాలాసేపు చూసింది.

మరి కోట్లు ఎవరు ఇస్తారు? ఇంట్లో వుంటే నిధి దొరుకుతుందని, ఏదో రోగానికి మందని, దాంట్లో ఇరీడియం వుందని చెప్పి, దళారీలు ఒకరికొకరు అంటగట్టుకుంటారు. పాము ఒంట్లో ఇరీడియమూ లేదు, నిధీ లేదు. బరువు పెరగాలని ఇనుప గుండ్లు మింగించిన దుర్మార్గులు కూడా వున్నారు. ఈ జాతి పాము చాలావరకు కిలో కూడా తూగదు. రెండున్నర కిలోలు యాడ నుంచి వస్తాయి? 2016 నుంచి 2021 దాకా ఈ పాముల్ని పట్టుకున్న కేసులు వార్తల్లో వచ్చినవే 172. అవి 18 రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో జరిగినాయి. ఇట్లాంటి కేసుల్లో పామును పట్టి ఇచ్చిన పేదోళ్ళు కూడా ఇరుక్కుంటారు.

అవ్వ ఇంకో లెక్క చెప్పింది. "ఎలుక మూడు వారాలకే ఈనుతుంది. ఈ పాము యేడాదికి ఒక కాన్పు. చేన్లో చెనిక్కాయలు తినేది ఎవరు, ఆ తినే వాళ్ళను తినేది ఎవరు?" అన్నింది. అవ్వకు ఇంకా గుణింతాలు రావు. ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చు.

పొద్దున్నే అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేసినాము. వాళ్ళు వచ్చి, దిబ్బకు కొంచెం దూరంలో, రాళ్ళ గట్టు కింద నీడలో వదిలినారు. నాలుక బయటికి వచ్చిందాకా తల ఎటు వుందో మాకెవరికీ తెలీలేదు!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పాముకు ఇంకో చుట్టం వుంది. ఒళ్ళంతా ముదురు మచ్చలు, తోక పొట్టి. దానికీ విషం లేదు. కానీ చూడ్డానికి రక్తపింజరి లాగే వుంటుంది. రక్తపింజరి కూడా లావుగా వుండి, పిల్లల్నే కంటుంది. అది కరిస్తే ప్రాణం పోతుంది. దాని వీపు మీద గొలుసు లాగా మూడు వరసల మచ్చలు వుంటాయి. కుక్కరు విజిల్ లాగా బుస కొడుతుంది. దగ్గరికి పోయి మచ్చలు లెక్కపెట్టే పని మనకొద్దు. ఏ పామునైనా చేత్తో పట్టొద్దు. మా అక్క చేసిన మొదటి పొరపాటు అదే. ఎవరినైనా కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, మంత్రం కోసం కూర్చోవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

మోటారు సైకిల్ ఆయన మళ్ళీ వచ్చినాడు. "పాము ఏదమ్మా?" అని అడిగినాడు. "కాన్పుకు పుట్టింటికి పోయింది" అన్నింది అక్క. అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. పక్క వూరి దారి పట్టినాడు.

అప్పు మాత్రం నెల నెలా కడతానే వుంది. ఇంకా సగం వుంది.

చెనిక్కాయ చేన్లో కలుపు తీసేటప్పుడు గెనిమ పక్కన జానెడు పొడుగు పిల్ల పాము ఒకటి కనిపించింది. నారింజ పండు రంగు. ఒంటి మీద నల్ల పట్టీలు. పిల్లకాయలు కట్టె కోసం పరిగెత్తినారు. "వొద్దురా, దూరంగా వుండండి. దాన్ని పోనీండి" అని అక్క కేకేసింది. ఆ పాము పిల్లో, వేరే దాని పిల్లో ఎవరికి తెలుసు!

మీ వూర్లో రెండు తలల పాము గురించి ఏమేమి చెప్పుకుంటారు? నాలుగు మాటలు రాసి, రేపు క్లాసుకు తీసుకురండి.