బీపీ తగ్గిందని మాత్రలు మానొద్దు

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. శనక్కాయ రైతు. బీపీ 160/100 ఉంటే మాత్రలు ఇచ్చారు. మూడు నెలల్లో 130/80కి వచ్చిందని మానేశారు. ఒంట్లో బాగానే ఉందంటున్నారు. మళ్లీ వాడాలా?
– ఒక కుమార్తె, ముదిగుబ్బ

జవాబు: వాడాలమ్మా. బీపీ అదుపులోకి వచ్చింది మాత్రల వల్లే. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. చాలామందిలో ఏ బాధా తెలియకుండానే గుండె, మెదడు, కిడ్నీల రక్తనాళాలను దెబ్బతీస్తుంది.

ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ చూపించి, డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రలు మొదలుపెట్టించండి. అక్కడ బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు. షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలూ చేయించండి. రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. సంగటిలోకి ఊరగాయ తగ్గించి ఆకుకూర పప్పు పెట్టండి. బీడీ అలవాటుంటే మాన్పించండి. చేను పని చేసి ఒళ్లు నొప్పులని సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. ఎండలో కళ్లు తిరిగితే నీడన కూర్చోబెట్టి నీళ్లివ్వండి. మాత్రల వల్లేమో అని మానేయకుండా, మోతాదు మార్చాలో లేదో డాక్టరునే అడగండి.

బీపీ 180/120 దాటితే బాధ లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.