మితవ్యయము - గృహస్థధర్మము

గృహస్థునకు ధనము నార్జించుట ఎంత అవసరమో, ఆర్జించిన దానిని అదుపుతో వినియోగించుటయు అంతే అవసరము. అయితే మితవ్యయము వేరు, లోభము వేరు. చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. రెండిండ్లలోను వంటకములు కొద్దియే, వస్త్రములు కొద్దియే. అతిథి గడప త్రొక్కినపుడు మాత్రమే ఆ భేదము తెలియును.

శ్రీమద్భాగవత సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మమును బోధించుచు, ఆకలి తీరుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి స్వత్వము కలదనియు, అంతకు మించినది తనదని తలచువాడు చోరుడనియు చెప్పెను. మృగములను, పక్షులను సైతము బిడ్డలవలె చూడవలెనని కూడ అచ్చటనే కలదు. కావున పొదుపు చేయుట దాచుకొనుటకు కాదు, పంచుటకు.

దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము దీనికి నిదర్శనము. ద్వారకకు బయలుదేరుచు కుచేలుడు, స్వామికి కానుకగ నిచ్చుటకు ఇంట నేమైన కలదా యని భార్యనడిగెను. ఏమియు లేదు. ఆ యిల్లాలు ఇరుగుపొరుగు విప్రగృహములలో నాలుగు పిడికిళ్ళ అటుకులు యాచించి తెచ్చి, గుడ్డపీలికలో మూటగట్టి యిచ్చెను. ఆమె అప్పు చేసి భక్ష్యములు వండలేదు. ఏమియు లేదని రిక్తహస్తములతోను పంపలేదు. స్వామి ఆ మూటను తానే లాగికొని పిడికెడు ఆరగించెను. పిదప మహైశ్వర్యము లభించినను ఆ దంపతులు దానియం దాసక్తులు కాక జీవించిరి. లేమిలో అలవడిన నియమము కలిమిలోను వారిని విడువలేదు.

తెలుగునాట ఇల్లాండ్రకు ఈ నియమము నిత్యకృత్యముగ నుండెడిది. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. బియ్యము కడిగిన నీరు కుడితియై పశువులకు చేరును. పులుసు పిండిన చింతపండు పిప్పి ఇత్తడిపాత్రలు తోముటకు ఉపకరించును. కూరగాయలు చౌకగ దొరకు దినములలో వరుగులు, వడియములు సిద్ధమగును. చినిగిన నూలుచీరలు బొంతలగును. వీనిలో ఏ యొక్కటియు లోభము కాదు.

అప్పు చేసి వ్రతములు, యాత్రలు చేయువారు ఈ విషయమును ముఖ్యముగ గమనింపవలెను. భక్తితో సమర్పించిన పత్రమైనను, పుష్పమైనను, ఫలమైనను, జలమైనను స్వీకరింతునని భగవానుడు గీత నవమాధ్యాయమున అభయమిచ్చి యున్నాడు. పెరటి తులసిదళమునకు వడ్డీ లేదు. పదిమంది మెప్పునకై చేసిన అప్పు, ఆరగింపు ముగిసిన పిదప ఏండ్ల తరబడి బిడ్డల పాలను, చదువును హరించును. అట్టి వ్రతమును స్వామి కోరలేదు.

కావున గృహస్థుడు మొదట ఇంటివారి గ్రాసమును, అతిథి భాగమును నిర్ణయించుకొని, మిగిలిన దానితోనే ఉత్సవములు జరుపుకొనవలెను. ఏమియు మిగులని నాడు ఒక తులసిదళము చాలును. పిడికెడు బియ్యపు కుండ మాత్రము వట్టిది కాకుండ చూచుకొనవలెను. ఆకలితో వచ్చినవాని భాగము అందులోనే యున్నది.