కన్యాశుల్కం ఎందుకు దొరకలేదు?

క్లబ్ తరఫున కన్యాశుల్కంలో ఒక సీన్ వేద్దామనుకున్నాం. పుస్తకం వెతికే పని నా మీద పడింది. ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కదా, తెలుగులో టైప్ చేయాలంటే బద్ధకం. ఒక డిజిటల్ లైబ్రరీలో ఇంగ్లీష్ అక్షరాలతోనే కొట్టాను. రాలేదు. ‘శ’ కోసం ఎస్ పక్కన హెచ్ పెట్టాను. ఊహూఁ. చివర ‘ము’ చేర్చాక వచ్చింది. పుస్తకం మొదటినుంచీ అక్కడే ఉంది, నేను పిలిచిన పేరుతో లేదు, అంతే.

సెర్చ్ సరిగ్గా రాయలేదని తిట్టుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, లైబ్రేరియన్లకి ఇది చాలా పాత తలనొప్పి అని.

1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామర్ ఆధ్వర్యంలో ‘మార్క్’ అనే రికార్డు ఫార్మాట్ తయారైంది. కేటలాగ్ కార్డు మీద ఉండే వివరాలన్నీ నంబర్లున్న ఫీల్డులయ్యాయి. రచయిత పేరు 100లో, టైటిల్ 245లో. 1971లో ఒహాయోలో ఓసీఎల్‌సీ ఆన్‌లైన్ కేటలాగింగ్ మొదలుపెట్టింది. ఒక లైబ్రరీ రికార్డు తయారుచేస్తే మిగతావి దాన్నే వాడుకోవచ్చు. ఎంత పని తగ్గిందో ఊహించండి. కానీ ఒకళ్ళు తప్పు కొడితే అదీ కాపీ అవుతుంది.

తెలుగు దగ్గరికొస్తే ఇంకా కష్టం. కన్యాశుల్కం చివర సున్నాకి యూనికోడ్‌లో ఒక కోడ్. కన్యాశుల్కము అంటే ‘మ’కి ఒకటి, ఉకారానికి ఇంకొకటి. మనకి ఒకటే మాట, స్ట్రింగ్ మ్యాచింగ్‌కి రెండు. గురజాడని ఇంగ్లీష్‌లో జేతో రాసేవాళ్ళున్నారు, జెడ్‌తో రాసేవాళ్ళూ ఉన్నారు.

“ఫజ్జీ సెర్చ్ పెడితే సరిపోతుంది కదరా” అన్నాడు మా రూమ్మేట్. స్పెల్లింగ్ వరకైతే వాడు చెప్పింది కరెక్టే. మరి శ్రీశ్రీ అని కొడితే శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో ఎక్కించిన పుస్తకం ఎలా వస్తుంది? అక్షరాలు ఎంత పోల్చినా రాదు. ఇద్దరూ ఒకరేనని తెలిసిన మనిషి ఒకసారి రాసిపెట్టాలి. లైబ్రరీ వాళ్ళు దాన్ని అథారిటీ ఫైల్ అంటారు. ఒక రచయితకి ఒకే రికార్డు, అందులో ఖాయం చేసిన పేరు ఒకటి, కింద మిగతా రూపాలన్నీ. ఏ పేరు కొట్టినా అక్కడికే వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే హ్యాష్ మ్యాప్: కీలు చాలా, వాల్యూ ఒకటే. వేర్వేరు దేశాల జాతీయ లైబ్రరీల ఫైళ్ళని ఇలా కలిపే ‘వయాఫ్’ అనే సర్వీస్ కూడా ఉంది.

స్కానర్ కింద పేజీలు తిప్పడం ఎవరైనా చేస్తారు. ఈ రికార్డు రాయడానికి మాత్రం తెలుగు తెలియాలి. కోడింగ్ వచ్చి తెలుగు పుస్తకాలు చదవని నాలాంటివాళ్ళు ఇక్కడ సగమే పనికొస్తారు.

ఇప్పుడు మన క్లబ్ బీరువాలోని పుస్తకాలని ఒక షీట్‌లో ఎక్కిస్తున్నాను. తెలుగులో టైటిల్, ఇంగ్లీష్ అక్షరాల్లో టైటిల్, రచయిత, రచయితకున్న ఇతర పేర్లు. ఆ చివరి కాలమే టైమంతా తినేస్తోంది. నిన్న ఆరుద్ర దగ్గర ఆగిపోయాను. అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని అమ్మకి ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. ఇంకా రెండు అరలున్నాయి. కలం పేర్లు బాగా తెలిసినవాళ్ళెవరైనా సాయంత్రం క్లబ్ రూమ్‌కి రండి, టైపింగ్ నేను చేస్తాను.