ప్రశ్నలు - జవాబులు: కాపరికుక్కల పిల్లలు, వాని వన్నెలు

ప్రశ్న: ఇంగ్లండున నార్తంబర్లండు సీమలో నివసించుచున్నాము. మా బోర్డర్ కోలీ జంట రెండును నలుపు తెలుపు వన్నెవే; ఈ ఈతలో పుట్టిన ఎనిమిది పిల్లలలో మూడు మాత్రము కాఫీగింజ రంగుతో నున్నవి. వేఱొక కుక్క సంతానమని పొరుగువారు పరిహసించుచున్నారు. నిజమేనా?

జవాబు: మీ యాడుకుక్కను శంకింప నక్కఱలేదు. వర్ణమును నిర్ణయించు జన్యువులు పిల్లకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా సంక్రమించును. వానిలో నలుపు బహిర్గతము, గోధుమవన్నె అంతర్గతము గావున, గోధుమజన్యువు ఒంటిగా వచ్చినచో నలుపు చాటున అణగియుండి, జంటగా వచ్చినపుడే, నల్లగా నుండవలసిన తావులన్నిటను, ముక్కుకొనతో సహా, బయల్పడును. తల్లిదండ్రు లిరువురును దానిని గుప్తముగా మోయుచున్నచో ప్రతి పిల్లకును నాల్గవవంతు అవకాశ ముండును. ఎనిమిదింట రెండే పుట్టవలెనన్న నియమము లేదు, మూడును పుట్టవచ్చును, ఒక్కటియు పుట్టకపోవచ్చును. ఒకే ఈతలో ఇద్దరు తండ్రులుండుట శునకజాతిలో సంభవమే యైనను, దానిని తేల్చవలసినది డి.ఎన్.ఏ. పరీక్ష గాని రోమవర్ణము గాదు. ఈ జాతికి మూలపురుషుడుగా ఎన్నబడు ఓల్డ్ హెంప్ అను కుక్క 1893లో మీ సీమయందే ఆడమ్ టెల్ఫర్ అను కాపరి పెంపకమున పుట్టినది. ఆ కాపరులు కుక్క పనితనమును చూచిరి గాని రంగును లెక్కింపరైరి, అందువలననే ఇన్ని వన్నెలు వంశమున దాగి నేటికిని తొంగిచూచుచున్నవి.

ప్రశ్న: టెక్సస్‌లో ఉన్నాము. మా ఆస్ట్రేలియన్ షెపర్డ్ నీలిబూడిదపై నల్లమచ్చల మెర్ల్. దానికి మెర్ల్ జోడునే తెచ్చిన, పిల్లలన్నియు మెర్ల్‌లే యగునా?

జవాబు: కావు, అట్టి జోడు తేవలదు. (పేరునకు ఆస్ట్రేలియా యైనను ఈ జాతి రూపొందినది అమెరికాలోనే.) మీ టెక్సస్‌లోని ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో మెర్ల్ జన్యువును గుర్తించిరి. ఒక్క ప్రతి వచ్చిన పిల్ల శబళవర్ణముతో ముచ్చటగొలుపును. రెండు ప్రతులు వచ్చినదానికి, సగటున నాల్గింట నొకదానికి, వర్ణకణములు లోపించి దేహము బహుభాగము తెల్లబడును. అవే కణములు లోపలిచెవికిని ఆవశ్యకములు గావున చెవుడును, కన్నులు ముడుచుకొని చూపు పోవుటయు తఱచు సంభవించును. మెర్ల్ కాని కుక్కతో జతపఱచినను పిల్లలలో సగము మెర్ల్‌లగు నవకాశ మున్నపుడు, అందము కొఱకు అంధత్వమును కొనితెచ్చుకొనుట నాకు పాపముగానే తోచుచున్నది.

ఇంకొక చిక్కు కలదు. మెర్ల్ నల్లని వర్ణద్రవ్యముపైననే పనిచేయును; బోర్డర్ కోలీలలో అరుదుగా పుట్టు పసిడివన్నె కుక్కల వెండ్రుకలలో ఆ నలుపే లేదు గావున, మెర్ల్ అచట పలక లేని బలపము వంటిదై కంటికి కానరాదు. అట్టి కుక్కను సాదాదిగా భ్రమించి మెర్ల్‌తో కలుపుట ప్రమాదకరము గావున, జత కట్టుటకు ముందు చెంపలోపలి పూతతో జన్యుపరీక్ష చేయింపవలయును. శబళవర్ణముపై మోజు మనకును పాతదే. ఋగ్వేదమున యముని కావలికుక్కలు శబళములు, నాలుగు కన్నులవి. ఆ అదనపు కన్నులను కనుబొమ్మలపై తేనెవన్నె చుక్కలుగా గ్రహించువారు కలరు.

ప్రశ్న: మా మెర్ల్ కుక్కకు ఒక కన్ను నీలము. చూపు తక్కువ యుండునా?

జవాబు: ఉండదు. కనుపాపచుట్టు వర్ణద్రవ్యము తగ్గుటయే ఆ నీలిమకు కారణము. ఆ కంటితోడనే అది గొఱ్ఱెలను చక్కగా మలుపగలదు.