ఇసుకలో కదలిన రేణువులు

గోల్ఫను ఆట మన నగరము, రేపల్లె ప్రాంతముల బాలురకు అంతగా పరిచితము కాదు. విశాలమైన పచ్చికబయలున చిన్నబంతిని కర్రతో కొట్టుచు, వరుసగా 18 రంధ్రములలో వేయుటయే ఈ ఆట. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. మార్కులు పెరిగినకొలది సంతసించు మీకిది వింతగా తోచవచ్చును.

ఈ యాటలో పేరొందిన తెలుగుబిడ్డ సాహిత్ తీగల. తలిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిరి. 1997వ సంవత్సరమున కాలిఫోర్నియాలో ఇతడు జన్మించెను. బాల్యముననే వెన్నెముక ఒకప్రక్కకు వంగియున్నట్లు తెలిసెను. నడుము త్రిప్పి కొట్టవలసిన ఆటకు ఇంతకంటె అడ్డేమి కావలెను? అయినను తన దేహమునకు ఒదుగు రీతిలో కొట్టుట నేర్చుకొనెను. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదువుకాలములో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి కొంతకాలము ఆటకు దూరమయ్యెను. తిరిగివచ్చి, 2020లో కళాశాల క్రీడాకారులకిచ్చు హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ బహుమతులను మూడింటిని పొంది, ఆ యేడే గోల్ఫును వృత్తిగా స్వీకరించెను.

పిదప గెలుపు చేతికంది జారిపోవుచు వచ్చినది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్సు పోటీయందు చివరిదినము వరకు ముందుండియు, 17వ రంధ్రమునొద్ద బంతి నీటిపాలు కాగా, ఒక్క దెబ్బ తేడాతో అవకాశము పోగొట్టుకొనెను. ఆ జూన్ నెలలో ట్రావెలర్స్ పోటీయందు ఒక దెబ్బ ఆధిక్యముతో చివరి రంధ్రమునకు వచ్చి, ఇసుకపల్లమున చిక్కుకొనెను. తుదకు 2023 సెప్టెంబరులో నాపా పట్టణమున జరిగిన ఫార్టినెట్ పోటీలో రెండు దెబ్బల తేడాతో తొలి విజయము లభించెను.

అయితే మేమీ వ్యాసము వ్రాయబూనినది ఆ విజయమును గూర్చి కాదు. 2024 ఆగస్టు నెలాఖరున అట్లాంటా నగరమున ఆ యేటి కడపటి పెద్దపోటీ జరుగుచుండెను. మూడవనాటి ఆటలో, మూడవ రంధ్రమునొద్ద, ఇతని బంతి ఇసుకపల్లమున పడెను. కొట్టుటకై కర్రను వెనుకకెత్తునపుడు అది ఇసుకను తాకరాదు. తాకినచో రెండు దెబ్బలు అదనముగా లెక్కకట్టుదురు. సూర్యలంక తీరమున కాలు మోపినవారికి ఇసుక ఎంత సులభముగా కదలునో తెలియును. కర్ర ఎత్తునపుడు కొద్ది రేణువులు కదలినట్లు సాహిత్‌కు తోచెను. ఎవరును తప్పుపట్టలేదు. తానే అధికారిని పిలిచి చెప్పెను. రెండు దెబ్బలు అతని లెక్కలో చేరెను.

మార్కులు తక్కువ వేసితిమని మాయొద్దకు వచ్చు విద్యార్థులు పెక్కురు. కూడికలో పొరబడి ఎక్కువ వేసితిమని చెప్ప వచ్చినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారి ముఖములు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. అందుచేతనే ఈ వార్త చదివినపుడు పత్రికను వెంటనే ప్రక్కన పెట్టలేకపోతిమి.

పోటీ ముగియునప్పటికి సాహిత్ మూడవ స్థానమున నిలిచెను. రెండవ స్థానమున నిలిచిన కాలిన్ మోరికావాకును ఇతనికిని తేడా సరిగా రెండు దెబ్బలు. రెండవ బహుమానము 125 లక్షల డాలర్లు. మూడవది 75 లక్షలు.