చుక్క నీటి లెక్క

దువ్వూరు పొలాలకు కె.సి. కాలువ నీళ్లు వస్తాయి. ఆ కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలవుతుంది. వానలు తప్పితే కాలువ పారదు. బోర్లలోనూ నీళ్లు తగ్గుతాయి.

ఒక ఇంట్లో మిద్దె మీద ట్యాంకు ఉంది. బోరు నీళ్లతో నింపుతారు. కింద కుళాయి కారుతోంది.

"చుక్కలే కదా అత్తా!" అంది కోడలు.

అత్త రాత్రి కుళాయి కింద 10 లీటర్ల బకెట్ పెట్టింది. తెల్లారేసరికి సగం నిండింది. పలక తీసి రాసింది.

ఒక రాత్రికి 5 లీటర్లు.
30 రాత్రులకు 150 లీటర్లు.

"15 లీటర్ల బిందెలు పది! రేపు బోరు ఎండితే ఇన్ని నీళ్లు ఎవరు మోస్తారమ్మా?"

కోడలు ఆ రోజే కుళాయికి కొత్త వాషరు వేయించింది.

మీ ఇంట్లో కుళాయి కారుతోందా? బకెట్ పెట్టి చూడండి. నెల లెక్క రాయండి.