జ్ఞాపకములను మోయువారు

లోయిస్ లౌరీ అను అమెరికా రచయిత్రి 1993లో 'ద గివర్' అను నవలను ప్రకటించెను. మఱుసటి సంవత్సరము దానికి న్యూబెరీ పతకము లభించెను. బాలబాలికల కొఱకు వ్రాసిన గ్రంథమైనను పెద్దలును దానిని శ్రద్ధతో చదువుదురు. రాబోవు కాలమున లోకము చెడిపోవునని ఊహించి వ్రాసిన నవలలు ఆంగ్లమున అనేకము కలవు. వానిలో తఱచుగా యుద్ధములు, మంటలు, శిథిలనగరములు కనిపించును. ఈ కథలోని యూరు అట్లు గాక మిక్కిలి శుభ్రముగా నుండును. అక్కడ ఆకలి లేదు, కలహము లేదు. అందఱును సైకిళ్లపై పనులకు పోవుదురు. లోప మెక్కడ నున్నదో చదువరికి వెంటనే తెలియదు. ఈ నవలలోని భయమంతయు అందే యున్నది.

ఆ యూరివారి పూర్వులు సుఖము కొఱకు ఒక బేరము చేసికొనిరి. బాధ యుండరాదని తలంచి, గడచిన కాలపు జ్ఞాపకములను కూడ విడిచిపెట్టిరి. కొండలు పోయెను, మంచు పోయెను, కడకు రంగులు కూడ పోయెను. జ్ఞాపకములన్నియు ఒక్క వృద్ధునియందే నిలిచియుండెను. జోనస్ అను బాలునికి 12వ యేట, పిల్లలకు వృత్తులను నిర్ణయించు సభలో, ఆ వృద్ధుని తరువాత వానిని మోయు పని అప్పగింపబడెను.

ఈ కథలో గుర్తులుగా నిలుచు వస్తువులు చాల సామాన్యమైనవి. ఒకనాడు జోనస్ స్నేహితునితో ఆడుచు ఆపిలు పండును ఎగురవేయుచుండగా, అది గాలిలో క్షణకాలము మాఱినట్లు తోచెను. ఏమి మాఱెనో చెప్పుటకు అతనికి మాట లేదు. అది ఎఱుపని చాల దినముల తరువాత వృద్ధుడు తెలిపెను. ఎఱుపును చూడలేని యూరిలో ఎఱుపు పోయినదని దుఃఖించువాడెవడు? వృద్ధుడు మొదట మంచుకొండపై జాఱుబండిలో దిగు ఆనందమును అతనికిచ్చెను. పిమ్మట ఎండదెబ్బను, విఱిగిన కాలి నొప్పిని, తుదకు యుద్ధమును ఇచ్చెను.

వస్తువులకంటె భయంకరమైన గుర్తు ఒక మాట. ఆ యూరిలో ముసలివారికిని, బలహీనులైన శిశువులకును 'విడుదల' యను వేడుక కలదు. జోనస్ తండ్రి శిశువులను పెంచు వృత్తిలో నున్నవాడు, దయగలవాడు. కవలలలో చిన్నవానిని ఆయన విడుదల చేయుటను జోనస్ చూచెను. అది సూదిమందుతో చంపుట. తండ్రికి దానిలో తప్పేమియు తోచలేదు. ఆ మాట అంత మెత్తనిది. గాబ్రియేలు అను పసివానికి కూడ విడుదల నిర్ణయమైనదని తెలిసి, జోనస్ వానిని తండ్రి సైకిలుపై నెక్కించుకొని రాత్రివేళ పాఱిపోయెను. దారిలో తిండి లేదు, చలి యధికము. తనలో మిగిలియున్న యెండ జ్ఞాపకమును పసివానికిచ్చి వాని మేనిని వెచ్చజేసెను. వారిని బ్రదికించినది ఆయుధము కాదు.

నవలలోని యూరు కల్పితమే. కాని దానిని సంగారెడ్డి జిల్లాలోని నక్కవాగును తలచుకొనుచు చదివినచో మఱికొంత బోధపడును.

నక్కవాగు పటాన్‌చెరు ప్రాంతపు పల్లెల ప్రక్కగా పోయి మంజీరలో కలియును. 1970 తరువాత పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు వెలసెను. ఎందఱికో జీవనము దొరకెను; ఆ మేలు నిజమైన మేలే. కాని వ్యర్థజలము వాగులోనికి చేరెను. పోచారము, బాచుగూడెము, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట మొదలగు గ్రామములలో బావులు చెడెను, పైరులు దెబ్బతినెను. ఆ కాలమున పుట్టిన బిడ్డకు చెడిన నీరే వాగునీరు. మునుపటి వాగును ఎఱిగినవారికే నష్టము తెలియును.

అట్టివారు ఊరకుండలేదు. పటాన్‌చెరులో వైద్యము చేసిన డాక్టరు అల్లాని కిషన్ రావు రోగులను చూచుచునే ఈ పోరాటమున ముందు నిలిచెను. 1990లో విషయము సుప్రీంకోర్టునకు చేరెను. నాటి మెదక్ జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డిలోని జిల్లా న్యాయమూర్తి, ఎవరి భూమికి ఎంత నష్టము కలిగెనో విచారింపవలసి వచ్చెను. తన బావి మునుపెట్లుండెనో, తన మడి ఎంత పండెనో రైతు లెక్క వ్రాసి దాచుకొనువాడు కాడు. నవలలో ఒక్క వృద్ధుడు మోసిన బరువును ఇక్కడ గ్రామములకు గ్రామములే మోయవలసి వచ్చెను.

ఇక్కడను ఒక మెత్తని మాట కలదు. వ్యర్థజలమును వదలుటను 'విడుదల' యనియే అందురు. విడుదలకు ముందు 'శుద్ధి' యుండును. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల నీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనబడెను. ఆ మందు సేవించు రోగి రక్తములో కూడ అంత యుండదు. 2009లో ప్రకటింపబడిన పరిశోధనలో ఆఱు గ్రామముల బావినీటిలో మందుల జాడలు తేలెను. ఎఱుపును జోనస్ కన్ను పట్టెను. ఈ మందును ఏ కన్నును పట్టలేదు, యంత్రము పట్టవలసి వచ్చెను. మందుకు చావని క్రిములు అట్టి నీటిలో పెరుగును. మనుష్యులకంటె ముందుగా అక్కడ బ్రదుకుట నేర్చినవి అవియే.

తరువాత శుద్ధిచేసిన నీటిని గొట్టముల ద్వారా హైదరాబాదులోని అంబర్‌పేట వైపునకు మళ్లించిరి. అక్కడినుండి అది మూసీలో కలియును. నక్కవాగు బరువు కొంత తగ్గెను. మూసీ యొడ్డున ఉన్న పల్లెలు వేఱు.

జోనస్ ఊరు దాటినంతనే అతని జ్ఞాపకములు వెనుకకు మఱలి, వానిని మఱచిన జనులమీద పడును. ఈ సంగతి ముందే తెలిసియు వృద్ధుడు అతనితో పోలేదు. రమ్మని జోనస్ ఎంత వేడినను రాలేదు. ఎఱుకలేని బాధ ఒక్కమాఱుగా మీదపడినపుడు జనులకు తోడుగా నుండుటకై అతడు ఆ యూరిలోనే నిలిచిపోయెను.